నీట్ రాసి వచ్చిన రోజున, గ్రంథాలయంలోని మాస్టారికి కృతజ్ఞతలు

ఒళ్లు తూలిపోతున్నా, రేపటికి వాయిదా వేస్తే సగం మరిచిపోతానన్న భయంతో ఇప్పుడే రాస్తున్నాను. అమ్మానాన్నలకూ, ఎండలో బండి మీద కేంద్రం దాకా దింపిన అన్నయ్యకూ నేను విడిగా చెప్పనక్కర్లేదు.

చెప్పవలసింది మా ఊరి గ్రంథాలయంలో పరిచయమైన విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుల గురించి. నేను ఎవరి అమ్మాయినో కూడా అడగకుండా, ఫ్యాను కింద ఉన్న తన కుర్చీ నాకిచ్చి, ఆదివారాలు రెండు నుంచి ఐదు వరకు ఎదురుగా కూర్చొని నాచేత పాత ప్రశ్నపత్రాలు రాయించారు. పరీక్షకు చేతి గడియారం రానివ్వరు కనుక తన గడియారాన్ని బల్ల మీద బోర్లించి, అరగంటకొకసారి మాత్రమే సమయం చెప్పేవారు. 180 నిమిషాల్లో 180 ప్రశ్నలు కదా అని ప్రశ్నకో నిమిషం పంచుకుంటే భౌతికశాస్త్రం దగ్గర మునిగిపోతామని, 90 జీవశాస్త్ర ప్రశ్నలు 45 నిమిషాల్లో ముగించి, పది నిమిషాల్లో జవాబు పత్రంలో వాటి బబుల్స్ (జవాబు గుర్తించే గుండ్రాలు) నింపేసి, బబుల్స్‌తో కలిపి రసాయనశాస్త్రానికి 50, భౌతికశాస్త్రానికి 60 నిమిషాలు పెట్టుకుని, చివరి పావుగంట వదిలేసిన వాటికి ఉంచుకోమని, పత్రం అంచున 2.45, 2.55, 3.45, 4.45 అని పెన్సిల్‌తో వేసిచ్చారు. ఒకసారి ఐదు గంటలకు ఇరవై భౌతికశాస్త్ర ప్రశ్నలు మిగిలిపోయి నేను తల దించుకుంటే, "చేసిన నూట అరవై ఎవరివమ్మా?" అని టీ తెప్పించి నా ముందు పెట్టారు. అందరి ముందూ ఏడ్చేశాను.

2022 నుంచి 2024 వరకు ఈ పరీక్షకు 200 నిమిషాలు ఉండేవి. 2025లో ఐచ్ఛిక ప్రశ్నలతో పాటు ఆ ఇరవై నిమిషాలూ తీసేశారు. తెలుగులో ప్రశ్నపత్రం ఇవ్వడం సంతోషమే, కానీ అనువాదంలో సందేహం వస్తే ఆంగ్లమే ప్రామాణికం కాబట్టి మాలాంటి వాళ్లం ఒకే ప్రశ్నను రెండు భాషల్లో చదువుకోవాలి, నిమిషాలు మాత్రం అందరికీ అవే. తెలుగులో చదివి, అనుమానం తగిలితేనే ఆంగ్లం వైపు చూడమన్న మాస్టారి మాట ఈ రోజు అక్కరకొచ్చింది. మా గదిలో గోడ గడియారమేమో మా వెనుక గోడకు ఉంది, తల తిప్పితే కసురుకున్నారు. పిల్లలకు ఎదురుగా పెట్టడానికి ఎవరి అనుమతి కావాలో!

అన్నట్టు, పాత పత్రాలన్నీ అప్పు మీద జిరాక్స్ తీసిచ్చిన షాపు అన్నకూ, ఆదివారాలు మా బల్ల దగ్గర మాటలు వినపడకుండా చూసిన అటెండరు గారికీ కృతజ్ఞతలు. గేటు దగ్గర నా హాల్ టికెట్ మీద ఫోటో అంటించడానికి గమ్ము ఇచ్చిన ఎవరో అమ్మాయి వాళ్ల అమ్మగారికి కూడా.