హార్లెమ్ నుంచి వచ్చాక

చిట్టితల్లీ,

"రంగులూ గీతలే వేశావు, ఇందులో మీ ఇండియా ఎక్కడ?" అని క్లాసులో అడిగారని చెప్పి బాధపడ్డావు కదా. ఫోన్‌లో నాకేం చెప్పాలో తోచలేదు. ఈ శనివారం హార్లెమ్‌లో, అదే న్యూయార్క్‌లో నల్లవాళ్ళ పేటగా పేరున్న చోట, 125వ వీధిలో స్టూడియో మ్యూజియంకి వెళ్ళొచ్చాను. ఆఫ్రికా మూలాలున్న కళాకారుల కోసమే పెట్టిన మ్యూజియం అది. నీ గొడవ అక్కడ మొదటిరోజు నుంచీ ఉందమ్మా.

1968లో ఫిఫ్త్ అవెన్యూలో, ఒక లిక్కర్ షాపు పైన అద్దెకు తీసుకున్న చోట అది మొదలైంది. తొలి ప్రదర్శన టామ్ లాయిడ్ అనే నల్లజాతి కళాకారుడిది. కార్ల లైట్లకుండే ప్లాస్టిక్ మూతలు, వాటి వెనక రంగు బల్బులు, ఒక వరసలో వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. ఒక్క మనిషి బొమ్మ లేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళలో కొందరికి ఒళ్ళు మండింది. మన మ్యూజియంలో మన బతుకేదీ అని వాళ్ళ కోపం. అందులోనూ న్యాయం లేకపోలేదు. మరుసటి ఏడాదే న్యూయార్క్‌లోనే ఉన్న పెద్ద మ్యూజియం, మెట్రోపాలిటన్ మ్యూజియం, హార్లెమ్ మీద పెద్ద ప్రదర్శన పెట్టి, ఫొటోలతో గోడలు నింపి, అక్కడి చిత్రకారుల పెయింటింగ్ ఒక్కటి కూడా పెట్టలేదు. బయట జనం ప్లకార్డులు పట్టుకున్నారు.

ఆ విమర్శలకి లాయిడ్ తన లైట్లు ఆర్పెయ్యలేదు, తనవాళ్ళనీ వదల్లేదు. 1971లో న్యూయార్క్‌లోనే క్వీన్స్ అనే ప్రాంతంలో, ఒకప్పటి టైర్ల షాపులో తనే ఒక మ్యూజియం తెరిచాడు. 2025 నవంబరులో స్టూడియో మ్యూజియం కొత్త భవనం తెరిచినప్పుడు మళ్ళీ ఆయన లైట్లే పెట్టారు. నిజం చెప్పాలంటే ఇలాంటివి నాకు అంతగా ఎక్కవు. అయినా ఒకదాని ముందు కదలకుండా నిలబడిపోయాను. వరస కనిపెట్టేశాననుకునేసరికి మారిపోతుంది, దొంగది!

ఆ మ్యూజియం పేరులో స్టూడియో అన్న మాట ఉత్తినే లేదు. ఏటా ముగ్గురు కళాకారులకి అక్కడే పనిచేసుకోవడానికి చోటు, స్టైపెండ్ ఇస్తారు. మీ షికాగోలో ఉండే చిత్రకారుడు కెర్రీ జేమ్స్ మార్షల్ 1985లో అలా వచ్చినవాడే. ఆయన లాయిడ్‌కి పూర్తిగా వ్యతిరేకం, మనుషుల్నే వేస్తాడు, అదీ కారునలుపులో. ఇద్దరికీ అక్కడ చోటుంది.

కొత్త భవనంలో నీకు నచ్చేది ఇంకోటి ఉంది. వీధిలోంచి లోపలికి రాగానే కిందికి దిగే వెడల్పాటి మెట్లు, దిగడానికే కాదు, కూర్చోడానికి కూడా. హార్లెమ్‌లో ఇళ్ళ ముందు మెట్లంటే మన ఊళ్ళో అరుగులే, కబుర్లన్నీ అక్కడే. ఆ మెట్లనే తిరగేసి మ్యూజియంలోకి తెచ్చారు. నేనూ కాసేపు చతికిలబడ్డాను, ఎవరూ లెమ్మనలేదు.

అడిగినవాళ్ళకి సంజాయిషీ ఇచ్చే పని పెట్టుకోకు. సగంలో ఆపిన ఆ పెద్ద కాన్వాస్ ముందు పూర్తి చెయ్యి. ఎప్పుడైనా నీకే ఏనుగు వెయ్యాలనిపిస్తే వేసుకో, ఎవరో అడిగారని మాత్రం వద్దు.

పార్సిల్‌లో అమ్మ కందిపొడి పెట్టింది, నేను బ్రష్షులు పెట్టాను. సైజు తేడా వస్తే చెప్పు, బిల్లు దాచాను.

నాన్న