గోడలో చెదలకు కిరాయిదారు ఎందుకు కట్టాలి? గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

పంతొమ్మిదేళ్ళుగా హైదరాబాద్‌లో కిరాయి ఇళ్ళలో ఉంటున్నాం. ఇప్పటికి ఆరు ఇళ్ళు మారాం. నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. మా ఆయన ఎలక్ట్రికల్ షాపులో పని చేస్తారు. ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ. మీ శాఖకు ఉత్తరం అనగానే ఇల్లు ఇప్పించమని అడుగుతుందేమో అనుకోకండి. నేనడిగేది అది కాదు. కిరాయి ఇంట్లో చెదలో, ఎలుకలో, బొద్దింకలో చేరితే ఎవరు బాగు చేయించాలో, ఎన్ని రోజుల్లో చేయించాలో చట్టంలో ఒక మాట రాయించండి. అంతే.

ఎందుకు అడుగుతున్నానో చెప్తాను.

పోయిన వానాకాలం ఎల్బీనగర్ వైపు ఒక గ్రౌండ్ ఫ్లోర్ పోర్షన్లో ఉన్నాం. నెలకు పదమూడు వేలు. జులైలో ఒక రోజు బెడ్‌రూమ్ గోడ మీద, గచ్చు దగ్గర్నుంచి దర్వాజ చెక్క దాకా పెన్సిల్ మందాన మట్టి గీత కనిపించింది. పిల్లలెవరో మట్టి పూశారనుకుని చీపురు పుల్లతో గీకాను. ఆ గీత లోపల బోలుగా ఉంది. బియ్యపు నూకల్లాంటి తెల్లటి పురుగులు గబగబా పైకీ కిందికీ పరుగెత్తాయి. అదంతా తుడిచి పడుకున్నాం. తెల్లారి చూస్తే అదే చోట మళ్ళీ గీత. ముట్టుకుంటే వేలికి తడి అంటింది.

ఓనర్ గారికి ఆ రోజే ఫోటో పంపాను. పెద్దాయన, అంకుల్ అని పిలుస్తాం. “కిరోసిన్ పొయ్యమ్మా, పోతాయి” అన్నారు. ఆగస్టులో మళ్ళీ చెప్తే “వానలు తగ్గనీ, చూద్దాం” అన్నారు. దసరా అయ్యాక అడిగితే “మీరు రాకముందు లేవు కదమ్మా” అన్నారు. ఆ మాట విన్నాక నోరు పెగల్లేదు మంత్రిగారూ. మేం శుభ్రంగా ఉండం, ఆ పురుగులు మా సామాన్లతోనే వచ్చాయి అన్నట్టే కదా అది. రోజూ రెండు పూటలా ఊడ్చి తుడిచే ఇంట్లో ఆ మాట పడటం ఎంత కష్టంగా ఉంటుందో ఏ ఆడపిల్లనైనా అడగండి.

నవంబర్లో మా బాబు స్కాలర్‌షిప్ దరఖాస్తుకు టెన్త్ మెమో కావాల్సి వచ్చింది. గోడకు బిగించిన చెక్క కప్‌బోర్డు కింది అరలో అట్ట ఫైల్లో పెట్టి ఉంచాను. పైకి చూస్తే ఫైలు ఫైలులాగే ఉంది. చేతిలోకి తీసుకుంటే బరువు లేదు. తెరిస్తే కాగితాల మధ్య మట్టి పొరలు. మెమో మీద బాబు పేరు మిగిలింది, మార్కులున్న చోటు జల్లెడైపోయింది. ఆ పక్కనే మా అమ్మ తన చేత్తో రాసుకున్న బతుకమ్మ పాటల నోటు పుస్తకం ఉండేది. మెమోకి బోర్డు వాళ్ళు డూప్లికేట్ ఇచ్చారు.

ఇక లాభం లేదని చెదల మందు పెట్టేవాళ్ళను నేనే పిలిపించాను. వచ్చినాయన దర్వాజ చెక్కను స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ వెళ్ళి ఒక చోట ఆగాడు. అక్కడ చప్పుడు మారింది. “అమ్మా, ఇది ఊరికే స్ప్రే కొడితే పోయేది కాదు. పుట్ట నేల లోపల ఉంది. బాత్రూమ్ పైపు లీకై ఈ గోడ చెమ్మగా ఉంది, అందుకే ఇటు వస్తున్నాయి. ముందు పైపు బాగు చేయించాలి. తర్వాత గోడా గచ్చూ కలిసే చోట ఇంటి పొడుగునా అడుగుకో రంధ్రం వేసి మందు ఎక్కించాలి” అన్నాడు. కట్టిన ఇంటికి చెదల మందు పెట్టే పద్ధతి అదేనని, భారతీయ ప్రమాణాల సంస్థ దానికి ఐఎస్ 6313 మూడో భాగం అని ఒక ప్రమాణమే రాసిపెట్టిందని తర్వాత తెలుసుకున్నాను. ఆయన చెప్పిన ఖర్చు పద్నాలుగు వేలు. మా నెల కిరాయి కంటే ఎక్కువ.

డబ్బు ఎలాగో సర్దుకుందామనుకున్నా దారి లేదు. గోడకు క్యాలెండర్ మేకు కొట్టాలన్నా ఓనర్‌ని అడగాలని మా అగ్రిమెంట్లో రాసి ఉంది. ఇల్లంతా గచ్చుకు రంధ్రాలు నేనెట్లా వేయిస్తాను? అడిగితే “కొత్త టైల్స్ వేయించాను, ముట్టుకోనివ్వను” అన్నారు. ఆయన చేయించరు, మమ్మల్ని చేయించుకోనివ్వరు.

మార్చిలో ఖాళీ చేశాం. రెండు నెలల అడ్వాన్స్ ఇరవై ఆరు వేలలో తొమ్మిది వేలు పట్టుకున్నారు. కారణం, కప్‌బోర్డు పాడైందట. ఏ చెదల గురించి తొమ్మిది నెలలు మొత్తుకున్నానో, అవి తిన్న చెక్కకు కూడా మేమే కట్టి వచ్చాం.

ఆయన చెడ్డమనిషని చెప్పడానికి ఇదంతా రాయలేదు. అత్తమ్మకు రాత్రిపూట ఆయాసం వస్తే తన కారు తీసి హాస్పిటల్‌కి తీసుకెళ్ళిందీ ఆయనే. పెన్షన్‌కి తోడు మా కిరాయే ఆయనకు ఆధారం. పద్నాలుగు వేలంటే ఆయనకూ తక్కువేం కాదు. కానీ అది తన పనే అని ఆయనకు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. నా చేతిలో చూపించడానికి ఒక కాగితం లేదు. మా లాయరు తమ్ముడొకడు కూర్చోబెట్టి చట్టాలు చూపించాక సంగతి అర్థమైంది.

మన దగ్గర కిరాయి ఇళ్ళకు 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం ఉంది. 2005లో చేసిన సవరణ ప్రకారం కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన కిరాయికి అది వర్తించదు. మంత్రిగారూ, హైదరాబాద్‌లో మూడున్నర వేలకు ఏం వస్తుందో మీకు తెలియంది కాదు. మా ఇంట్లో పనికి వచ్చే చెల్లె రేకుల గదికి ఐదు వేలు కడుతోంది. ఆమె కూడా ఆ చట్టం లెక్కలో లేదు. ఆ చట్టం కింద కిరాయి తగాదాలు తేల్చే రెంట్ కంట్రోలర్ దగ్గరికి పోవడానికి ఆమెకూ నాకూ అర్హత లేదు.

మిగిలింది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అందులో 108వ సెక్షన్లో ఒక మంచి మాటే ఉంది. ఓనర్ తాను చేయించాల్సిన రిపేరు నోటీసిచ్చాక కూడా తగిన సమయంలో చేయించకపోతే, కిరాయిదారు చేయించుకుని వడ్డీతో సహా కిరాయిలో పట్టుకోవచ్చు. చదవగానే ప్రాణం లేచొచ్చింది. కానీ ఆయన “చేయించాల్సిన” రిపేర్లు ఏవి? అది అగ్రిమెంట్లో ఉండాలట. అగ్రిమెంట్ రాయించేది ఓనరు. పదకొండు నెలలకని, స్టాంపు పేపర్ మీద, జిరాక్స్ షాపులో ఎప్పటి నుంచో ఉన్న ఫార్మాట్‌లో పేర్లు మార్చి ప్రింట్ తీస్తారు. అందులో కిరాయి ఏ తారీఖున కట్టాలో ఉంటుంది, పోయేటప్పుడు పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారో ఉంటుంది. పైపు లీకైతే ఎవరు చూడాలో ఉండదు. ఇక కోర్టుకెక్కమంటారా? తొమ్మిది వేల కోసం సివిల్ కోర్టు చుట్టూ తిరిగే ఓపిక మా ఇంట్లో ఎవరికి ఉంది?

2021 జూన్‌లో కేంద్ర కేబినెట్ ఒక నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించి రాష్ట్రాలకు పంపింది. పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో, ఇంకా తమిళనాడులో ఆ తరహా చట్టాలున్నాయి. మన రాష్ట్రంలో మేమింకా 1960 దగ్గరే ఉన్నాం. ఆ నమూనాలో మాలాంటి వాళ్ళకు పనికొచ్చేవి చాలా ఉన్నాయి. ఇంటికి రెండు నెలలకు మించి అడ్వాన్స్ అడగకూడదు. ఓనర్ రిపేరు చేయించకపోతే మేం చేయించుకుని, నెలకు సగం కిరాయి మించకుండా తగ్గించి కట్టొచ్చు. ఇల్లు ఉండటానికే పనికిరాకుండా పోతే, రాతపూర్వకంగా చెప్పినా బాగు చేయించకపోతే, పదిహేను రోజుల నోటీసిచ్చి ఖాళీ చేయొచ్చు, లేదా రెంట్ అథారిటీ అనే అధికారి దగ్గరికి వెళ్ళొచ్చు. ఇవి మన చట్టంలోకి రావాలి.

అయితే ఆ నమూనాను ఉన్నది ఉన్నట్టు దించుకోవద్దని నా మనవి. ఎవరి రిపేర్లు ఎవరివో చెప్పే పట్టిక ఒకటి అందులో ఉంది. గోడలు, స్లాబు లాంటి కట్టడం రిపేర్లు, సున్నాలు, పైపులు, కరెంటు వైరింగ్ ఓనర్ వంతు. కుళాయి వాషర్లు, స్విచ్చులు, తలుపు గడియలు, డ్రైనేజీ శుభ్రం చేయించడం మా వంతు. అది సబబే, ఒప్పుకుంటాను. పురుగుల కోసం ఆ పట్టికంతా వెతికాను. చెదల్లేవు, ఎలుకల్లేవు, బొద్దింకల్లేవు. ఈగలూ దోమలూ రాకుండా కిటికీకి కొట్టే జాలి ఒక్కటే ఉంది. అది పాడైతే మార్చాల్సింది కిరాయిదారు.

అంటే రేపు మన చట్టం వచ్చినా “పురుగుల మాట ఇందులో లేదమ్మా” అంటారు. మళ్ళీ మొదటికే వస్తాం.

కాబట్టి ఆ పట్టికలో ఒక వరస చేర్పించండి. కట్టడంలోంచి వచ్చే పురుగు కట్టడం యజమానిది. నేల కింది నుంచి, తడి గోడలోంచి, డ్రైనేజీ షాఫ్ట్‌లోంచి, పైపు చుట్టూ పూడ్చకుండా వదిలేసిన కంతలోంచి ఏది వచ్చినా ఆయనదే. మేం చెత్త రోజుల తరబడి ఇంట్లోనే పెట్టుకుంటే, ఎంగిలి గిన్నెలు వదిలేస్తే వచ్చినవి మావి. దాని ఖర్చు మేమే పెట్టుకుంటాం. నల్లుల దగ్గర మాత్రం చిక్కుంది. అవి పాత మంచంతోనూ వస్తాయి, ముందున్నవాళ్ళు వదిలి వెళ్ళినవీ ఉంటాయి. చేరిన కొత్తలో బయటపడితే ఓనర్ వంతని, తర్వాతైతే ఎవరి వల్లో చూసి తేల్చాలని పెడితే న్యాయంగా ఉంటుంది. న్యూయార్క్‌లో కొత్తగా చేరేవాళ్ళకు ఆ ఇంట్లో అంతకుముందు నల్లులు పడ్డాయో లేదో ఓనర్ కాగితం మీద రాసివ్వాలి. మూడు, అంతకు మించి ఇళ్ళున్న బిల్డింగ్‌లో బొద్దింకలూ ఎలుకలూ ఉన్నాయేమో ఏడాదికోసారి ఓనరే చూసి బాగు చేయించాలని అక్కడి నగరం 2018లో చట్టం చేసింది. మన పిల్లలు ఎంతమందో ఆ ఊళ్ళో కిరాయికుంటున్నారు. అక్కడ మన బిడ్డకున్న హక్కు ఇక్కడ తల్లికి ఎందుకుండకూడదు?

అపార్ట్‌మెంట్ల సంగతి ఇంకోలా ఉంటుంది. మూడో ఇంట్లో ఉన్నప్పుడు మా వంటింట్లో బొద్దింకల జెల్ పెట్టిస్తే నెల తిరక్కుండా మళ్ళీ వచ్చాయి. అన్ని ఫ్లాట్ల వంటిళ్ళ పైపులూ ఒకే షాఫ్ట్‌లోంచి దిగుతాయి. ఒక్క ఇంట్లో మందు పెడితే పక్క ఇళ్ళలో ఉన్నవి ఆ షాఫ్ట్‌లోంచి మళ్ళీ వస్తాయి. ఆడ బొద్దింక మోసుకు తిరిగే ఒక్క గుడ్ల సంచిలో ముప్ఫై నలభై పిల్లలుంటాయి. అందరి ఇళ్ళకూ, షాఫ్ట్‌కూ ఒకేసారి మందు పెట్టించాలి. ఆ పని ఒక కిరాయిదారు చేతిలో ఎక్కడుంది? ఫ్లాట్ ఓనరూ, అసోసియేషనూ కలిసి చేయించాలని చట్టమే చెప్పాలి.

గడువు కూడా పెట్టించండి. ఫిర్యాదు అందిన వారంలో వచ్చి చూడాలి, నెలలోపు పని మొదలుపెట్టాలి. చెదలైనా ఎలుకలైనా ‘వానలు తగ్గేదాకా’ ఆగవు. వాట్సాప్‌లో ఫోటోతో పెట్టిన మెసేజ్‌ని నోటీసుగా ఒప్పుకోవాలి. రిజిస్టర్డ్ పోస్ట్ పంపితే ఆ రోజుతో ఓనర్‌కీ మాకూ మాటలుండవు. నా ఫోన్లో జులై నుంచి మార్చి దాకా తేదీలతో సహా ఫోటోలున్నాయి. చూసేవాళ్ళు లేకపోయారు.

పురుగు ఎటు నుంచి వచ్చిందో తేల్చడానికి మనిషి కావాలి. నగరంలో దోమల కోసం ఎంటమాలజీ సిబ్బంది గల్లీ గల్లీ తిరుగుతుంటారు, ఇంటి ముందు నీళ్ళ డ్రమ్ములో లార్వా ఉందేమో చూస్తారు. పురుగుల గురించి చదువుకున్న విభాగం అది. సర్కిల్‌కు ఒకరికి శిక్షణ ఇచ్చి, కిరాయిదారు గానీ ఓనరు గానీ పిలిస్తే వచ్చి చూసి ఒక పేజీ రిపోర్ట్ రాసిచ్చేలా చేయండి. పైపు లీకు వల్లనా, మా చెత్త వల్లనా ఆ కాగితమే చెప్తుంది. అలాంటి కాగితం ఒక్కటి ఉంటే మా తొమ్మిది వేలు మాకొచ్చేవి. ఓనర్ తప్పు లేని చోట ఆయనకూ అదే రక్ష.

ఇంకొక్క భయం ఉంది. నోరు తెరిచి అడిగితే వచ్చే నెల ఖాళీ చేయమంటారు. పిల్లల స్కూలు మధ్యలో ఇల్లు మారడం ఎంత టెన్షనో చెప్పలేను. అందుకే చాలామంది ఎలుకలతో, బొద్దింకలతో అలాగే కాపురం చేస్తున్నారు. ఫిర్యాదు చేసిన ఆరు నెలల్లోపు ఆ కారణంతో ఖాళీ చేయించకూడదని రాయకపోతే, పైన అడిగినవన్నీ ఇచ్చినా వాడుకునే ధైర్యం ఎవరికీ రాదు.

ఇప్పుడు మేం రెండో అంతస్తులో ఉంటున్నాం. చేరేముందు దర్వాజ చెక్కలన్నీ తట్టి చూశాను. అగ్రిమెంట్‌లో ఒక వాక్యం చేర్చమని కొత్త ఓనర్ గారిని అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి, “ఇంతవరకు ఎవరూ అడగలేదమ్మా, రాసుకో, తప్పేముంది” అన్నారు. ఆ వాక్యం ఇది: “గోడలు, నేల, పైపులు, డ్రైనేజీ ద్వారా చెదలు, ఎలుకలు, బొద్దింకలు వచ్చిన పక్షంలో, ఫోటోతో తెలియజేసిన 30 రోజులలోపు ఇంటి యజమాని తన ఖర్చుతో బాగు చేయించవలెను, అట్లు చేయించని పక్షంలో కిరాయిదారు చేయించుకొని కిరాయిలో మినహాయించుకొనవచ్చును.”

మీ శాఖ తరఫున ఒక నమూనా అగ్రిమెంట్ తయారు చేయించి, మీసేవ కేంద్రాల్లో దొరికేలా పెట్టించండి. చట్టం వచ్చేలోపు ఆ పనైనా చేయొచ్చు. ఈ వాక్యాన్ని అందులో అలాగే వాడుకోండి.

ఇట్లు,
ఒక కిరాయిదారు,
హైదరాబాద్