పిల్లల ఫొటోలకు అడ్వాన్స్ ఇచ్చే ముందు

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతి దగ్గర పడుతుందంటే భోగిపళ్లు, అన్నప్రాశన, మొదటి పుట్టినరోజు అంటూ స్టూడియోలకు ఫోన్లు మొదలవుతాయి. అందరూ ముందు అడిగేది ‘ప్యాకేజీ ఎంత?’ అనే. ఆ ధరలో ఏమేం వస్తాయో తేలకుండానే అడ్వాన్స్ చేతులు మారడం వల్లే తర్వాత గొడవలు వస్తున్నాయి. ఈ వృత్తిలో ఉన్నవాడిగా తల్లిదండ్రులకు కొన్ని విషయాలు చెప్పదలిచాను.

ఇన్‌స్టాగ్రామ్‌లో ఏరి పెట్టిన ఫొటోలు చూసి మాట్లాడేసుకోవద్దు. ఒకే కుటుంబానికి ఇచ్చిన ఆల్బమ్ మొత్తం చూపించమనండి. మసక వెలుతురు హాల్లో, ఏడుస్తున్న బిడ్డతో పనితనం ఎలా ఉందో అక్కడే తెలుస్తుంది. చామనఛాయ పిల్లల్ని ఎడిటింగ్‌లో తెల్లగా మార్చేస్తున్నారేమో కూడా గమనించండి. అది వద్దనుకుంటే ముందే చెప్పాలి, ఆల్బమ్ ప్రింటయ్యాక చేసేదేం ఉండదు.

గడ్డం కింద రెండు చేతులు పెట్టుకుని నిద్రపోయే పసిగుడ్డు ఫొటో ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. అది ఒకే ఫొటో కాదు. బిడ్డ తల పట్టుకుని ఒకటి, చేతులు పట్టుకుని ఇంకొకటి తీసి, పట్టుకున్న చేతులు కనపడకుండా కంప్యూటర్‌లో కలుపుతారు. బిడ్డను ఏ ఆసరా లేకుండా నిజంగానే అలా నిలబెట్టబోయేవారికి దండం పెట్టి పంపేయండి. ఇలాంటి భంగిమలకు పుట్టిన మొదటి రెండు వారాలే అనువు. మన ఇళ్లలో చాలాచోట్ల 21వ రోజు బారసాల దాకా బిడ్డను గడప దాటించరు. దాటించనక్కర్లేదు కూడా. మెడ నిలిచి, బోర్లాపడి తలెత్తే నాలుగో నెలలోనో, సొంతంగా కూర్చునే ఏడెనిమిది నెలలప్పుడో తీసే ఫొటోల్లోనే బిడ్డ బిడ్డలా కనిపిస్తుంది.

వేళ పిల్లల నిద్రను బట్టి పెట్టుకోవాలి, ఫొటోగ్రాఫర్ తీరికను బట్టి కాదు. ఆరుబయట అయితే ఉదయం 8 లోపు, లేదంటే సూర్యాస్తమయానికి ముందు గంట, గంటన్నర. నడినెత్తి ఎండలో కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి. ఇంట్లో అయితే పెద్ద కిటికీ పక్కన, లైట్లు ఆర్పేసి తీయించుకోండి. బల్బు వెలుగు, పగటి వెలుగు కలిస్తే ముఖం ఒక పక్క పసుపు, ఒక పక్క నీలం కొడుతుంది.

భోగిపళ్ల ఫొటోలో రేగిపళ్లు గాల్లో ఆగినట్టు రావాలంటే షట్టర్ వేగం సెకనులో 500వ వంతు దగ్గరైనా ఉండాలి, లేదా పైకప్పుకు తిప్పి కొట్టే ఫ్లాష్ ఉండాలి. అది తెస్తున్నారో లేదో అడగండి. రెండు వరుసల గ్రూప్ ఫొటోను లెన్స్ రంధ్రం బాగా తెరిచే ఎఫ్/1.8 మోజులో తీస్తే ముందు మనవరాలు స్పష్టంగా, వెనక తాతయ్య మసగ్గా వస్తారు. రంధ్రం తగ్గించి ఎఫ్/8 దగ్గర తీయాలి. ఇక రెప్పల సంగతి. మంచి వెలుతురులో 20 మంది లోపు గుంపుకు మనుషుల సంఖ్యను మూడుతో భాగించి అన్ని ఫొటోలు తీస్తే అందరి కళ్లూ తెరిచి ఉన్నది ఒకటి దాదాపు దొరుకుతుందని ఆస్ట్రేలియా పరిశోధకులు లెక్కగట్టారు. 2006లో దానికి ఇగ్ నోబెల్ కూడా ఇచ్చారు. నవ్వుకోడానికి ఇచ్చిన బహుమతే అయినా లెక్క పనికొస్తుంది. చంటిపిల్లలుంటే మాత్రం రెట్టింపు తీయించండి.

కాగితం మీద రాయించుకోవాల్సినవి: ఎన్ని గంటలు, ఎడిట్ చేసినవి ఎన్ని ఫొటోలు, ఆల్బమ్ ఎన్ని షీట్లు, అదనపు షీటుకు ఎంత, జీఎస్టీ కలిపా విడిగానా, బిడ్డకు జ్వరమొస్తే తేదీ మారుస్తారా. 12×36 ఆల్బమ్ అంటే విప్పినప్పటి కొలత అది, ఒక్కో పేజీ 12×18 అంగుళాలే. ఆ పేజీ నిండా ఒకే ఫొటో 300 డీపీఐతో, అంటే అంగుళానికి 300 చుక్కలతో, ప్రింటు కావాలంటే 3600×5400 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోకు అంత సత్తువ ఉండదు. పూర్తి సైజు జేపెగ్‌లు పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. కెమెరా నమోదు చేసిన, ఇంకా సరిదిద్దని రా ఫైళ్ల కోసం పట్టుబట్టడం దండగ, వాటిని తెరిచి సరిదిద్దే సాఫ్ట్‌వేర్ మీ దగ్గర లేకపోతే పనికిరావు.

మీ బిడ్డ ఫొటోను స్టూడియో తన ప్రకటనకు వాడుకోవచ్చా? డబ్బిచ్చి చెప్పి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే మొదటి హక్కుదారులని 1957 కాపీరైట్ చట్టం 17(బి) సెక్షన్ చెబుతోంది. అయితే రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉండే షరతే ఆ ‘వేరే ఒప్పందం’ కావచ్చు. చదివి, వద్దనుకుంటే సంతకానికి ముందే కొట్టేయించండి.

తప్పంతా ఫొటోగ్రాఫర్లదే అననూ లేను. ఆల్బమ్‌కు ఫొటోలు ఎంపిక చేసి పంపమంటే నెలల తరబడి పంపనివాళ్లు ఎందరో. హార్డ్ డిస్కులు ఎవరికీ ఊరికే రావు, ఎన్నాళ్లు దాస్తారో ఆ గడువు కూడా రాయించుకుని, ఆలోపే ఎంపిక ముగించండి. రాసిచ్చింది ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే రెండేళ్ల లోపు వెళ్లాలి, అప్పటికి ఆ కాగితం, డబ్బు చెల్లించిన రుజువు చేతిలో ఉండాలి.

– ఒక ఫొటోగ్రాఫర్, గుంటూరు