మన పాఠకుల సంఘం 2024–25 వార్షిక నివేదిక

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని నిబంధన ఉంది కాబట్టి చదువుతున్నాను. నిరుడు చదివేటప్పుడు సగం మంది బయట ఛాయ్ దగ్గరే ఉన్నారు. అందుకే ఈసారి ముందే అచ్చేసి చేతికిస్తున్నాం.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలిసిందే: పత్రికలు, టీవీలు వార్తలు ఎట్లా ఇస్తున్నాయో పాఠకులుగా మనమే చూసుకోవడానికి. నెలవారీ సమావేశాలు 12 జరగాలి, 9 జరిగాయి. మిగతా మూడింటికి గది దొరకలేదు. మన హనుమకొండలోనే 1904లో, నిజాం కాలంలో, రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టుకోగలిగారు. ఇవాళ ఇరవై కుర్చీలు పట్టే గది కోసం ఒక ఆఫీసు చుట్టూ ఆరుసార్లు తిరిగాను. ఇంతకన్నా ఎక్కువ రాయను.

ఈ ఏడాది చేసిన పెద్ద పని లోక్‌సభ ఎన్నికలప్పటిది. మే 13 పోలింగ్‌కు ముందు మూడు వారాలు రోజూ 5 తెలుగు దినపత్రికలు కొన్నాం. జిల్లా పేజీల్లో ఏ అభ్యర్థి వార్తకు ఎంత జాగా ఇచ్చారో స్కేలు పెట్టి కొలిచాం. మన వాట్సాప్ గ్రూపులో 'మేమూ వస్తాం' అని బొటనవేలు చూపినవాళ్లు 31 మంది. కత్తెర పట్టినవాళ్లు నలుగురు, అందులో ఇద్దరు 70 దాటినవాళ్లు. మిగిలిన 27 మంది మీద నాకు కోపం లేదు, ఎండ నిజంగానే ఎక్కువ ఉండె. కానీ 'ఏం తేలింది సార్' అని ఫోన్లు చేసింది కూడా వాళ్లే.

కొలతల పట్టిక కార్యాలయంలో ఉంది, కావాలన్నవాళ్లు వచ్చి చూడొచ్చు. కొలతలకన్నా మమ్మల్ని ఆపింది వేరే సంగతి. ఒకే ఫొటో, అవే వాక్యాలు, ఒకే రోజు రెండు పత్రికల్లో, కింద రాసినవాళ్ల పేర్లు మాత్రం వేరు వేరు. ఇంకోచోట ఒకే పేజీలో పైన ఒకాయన గెలుపు ఖాయం, కింద ఆయన ప్రత్యర్థి గెలుపు ఖాయం. పైసలు తీసుకుని వార్తలా అచ్చేసే పెయిడ్ న్యూస్‌కు ఎన్నికల సంఘం ఇచ్చిన ఉదాహరణల్లో ఈ రెండూ ఉన్నాయి. ఇలాంటి వార్తల ఖర్చు లెక్కల్లో చూపనందుకే 2011లో ఉత్తరప్రదేశ్‌లోని బిసౌలి ఎమ్మెల్యే ఉమ్లేశ్ యాదవ్‌పై మూడేళ్ల అనర్హత పడింది. మేమూ కటింగులు అతికించి ఒక కార్యాలయంలో ఇచ్చాం. రసీదు అడిగితే సార్ మీటింగ్‌లో ఉన్నారన్నారు. తర్వాత పోతే 'ఎన్నికలు అయిపోయినయి గదా' అన్నారు.

జూన్ సమావేశానికి ఒక మండల విలేకరి వచ్చి మాట్లాడారు. పేరు రాయొద్దన్నారు. నా లెక్కలో ఏడాది మొత్తానికి మంచి సమావేశం అదే, వచ్చింది మాత్రం 11 మంది. ఆయనకు చేతికొచ్చే జీతం పెట్రోలుకు చాలదు. ఆగస్టు 15 వచ్చినా, జనవరి 26 వచ్చినా, పత్రిక వార్షికోత్సవం వచ్చినా ఇన్ని ప్రకటనలు తేవాలని యాడ్ టార్గెట్ మాత్రం ఉంటుంది. శుభాకాంక్షల యాడ్ ఇచ్చేది ఎవరు? ఊళ్లో లీడరు, ప్రైవేటు బడి, ప్రైవేటు దవాఖాన. 'పొద్దున యాడ్ పైసలు అడిగిన ఇంటి మీద మాపటికి వార్త రాయమంటే ఎట్ల రాస్తం సార్' అన్నారాయన. పత్రికల మీద గట్టిగా మాట్లాడదామని వచ్చిన మా ఉపాధ్యక్షులు ఆ తర్వాత నోరెత్తలేదు.

అదే సమావేశంలో ఎగ్జిట్ పోల్స్ చర్చ కూడా జరిగింది. జూన్ 1 సాయంత్రం చాలా టీవీలు ఎన్‌డీయేకు 350 సీట్ల పైనే అన్నాయి, కొన్ని 400 దాకా అన్నాయి. వచ్చినవి 293. నడుమ జూన్ 3న షేర్ మార్కెట్ ఎగిరింది, 4న పడింది. మన సభ్యులొకరికి అందులో ఎంత పోయిందో ఆయన చెప్పలేదు, మేం అడగలేదు. రిటైర్డ్ లెక్చరర్ మేడం ఒకరు అమెరికాలో జరిగిన 1968 నాటి చాపెల్ హిల్ అధ్యయనం గురించి చెప్పారు. మెకోంబ్స్, షా అనే ఇద్దరు పరిశోధకులు, ఎటూ తేల్చుకోని 100 మంది ఓటర్లను ఏ సమస్యలు ముఖ్యమని అడిగారట. పత్రికలు, టీవీలు వేటికి ఎక్కువ జాగా ఇస్తున్నాయో, వాళ్లు చెప్పిన సమస్యలూ దాదాపు అవేనట. మన చౌరస్తా ఛాయ్ బండి దగ్గర ఇది రోజూ చూస్తున్నదే. పేపర్‌లో లేని ముచ్చట అక్కడ రెండు నిమిషాలు కూడా నడవదు.

ఇక సంఘం గర్వంగా చెప్పుకోవాల్సింది సెప్టెంబరు 9, కాళోజీ జయంతి నాడు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పెట్టిన ప్రదర్శన. జూన్ 5 నాటి మొదటి పేజీలను తాడుకు క్లిప్పులతో వేలాడదీసి, పత్రికల పేర్ల మీద తెల్ల కాగితం అతికించాం. రాష్ట్రంలో ఫలితం ఒకటే: బీజేపీ 8, కాంగ్రెస్ 8, ఎంఐఎం 1, బీఆర్‌ఎస్‌కు సున్నా. ఎవరి 8 పైనుంది, ఎవరి 8 కిందుంది, సున్నా ఎంత పెద్ద అక్షరాల్లో ఉందో చూసి ఏ పత్రికో చెప్పమన్నాం. పిల్లలు టకటకా చెప్పేశారు.

ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి మాత్రం జిల్లా పేజీల దగ్గరే నిలబడింది. కేసముద్రం దిక్కు ఊరు, హాస్టల్లో ఉంటది. ఇంటికన్నె దగ్గర రైలు పట్టాల కింది కట్ట వరదకు కొట్టుకుపోయి అప్పటికి వారమే. 'రైలు పట్టాలు అన్ని టీవీలల్ల చూపిచ్చిన్రు. మా ఊరు ఏ పేపర్ల రాలె' అన్నది. పాత వరంగల్ జిల్లా ఇప్పుడు ఆరు జిల్లాలు, ఒక జిల్లా పేజీ ఇంకో జిల్లాకు రాదు అని వివరించబోయాను. 'మరి మా ఊరు రావాల్నంటే ఏం జెయ్యాలె' అన్నది. 1922లో ఒద్దిరాజు సోదరులు అదే దిక్కున, ఇనుగుర్తిలో 'తెనుగు' పత్రిక నడిపారని చెప్పాను. మేమందరం ఇనుగుర్తి పోవాల్సింది కూడా ఆ వారమే, వానలకు ఆగిపోయింది. బస్సు అడ్వాన్సు ఇంకా వెనక్కి రాలేదు.

ఆ పిల్లలు తరగతి గోడ మీద సొంత పత్రిక మొదలుపెట్టారు. డిసెంబరు 4 పొద్దున 7:27కు ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది కదా. మధ్యాహ్నానికల్లా మన గ్రూపులో 'రాత్రి రెండింటికి మళ్లీ వస్తుంది, బయట పడుకోండి' అని వాయిస్ మెసేజ్ తిరిగింది. పంపింది మన కోశాధికారి గారే. భూకంపం ఏ గంటకు వస్తుందో ముందే చెప్పే పద్ధతి ప్రపంచంలో ఎక్కడా లేదని ఆ రోజే గోడ మీద రాసింది పిల్లలు. 1969లో భద్రాచలం దగ్గర ఇంతకన్నా పెద్దది వచ్చిందని కూడా రాశారు. ఆ ఫొటో గ్రూపులో పెట్టాకనే కోశాధికారి గారు తన మెసేజ్ తీసేశారు.

లెక్కలు: జమ రూ. 38,450, ఖర్చు రూ. 41,120. తేడా అధ్యక్షుల వారు సర్దారు. రసీదులు ఫైల్లో ఉన్నాయి.

కృతజ్ఞతలు: పత్రికలు రోజూ పక్కన తీసిపెట్టిన చౌరస్తా పేపర్ స్టాల్ ఆయనకు, రెండు గదులిచ్చిన హెడ్‌మిస్ట్రెస్ మేడంకు, డబ్బులు తీసుకోని జిరాక్స్ షాపు తమ్ముడికి, సర్వపిండి చేసి పంపిన సభ్యుల ఇళ్లలోని ఆడవాళ్లకు, కత్తెర పట్టిన ఆ నలుగురికి.

పంచాయతీ ఎన్నికలు వస్తే మళ్లీ కొలుద్దామని కార్యవర్గం అనుకుంటోంది. మే నెలలో ఇళ్లకు తీసుకుపోయిన రెండు స్టీలు స్కేళ్లు, పెద్ద కత్తెర ఎవరి దగ్గరున్నా తెచ్చి ఇవ్వగలరు.

— కార్యదర్శి