డీఈఓ గారూ, ర్యాలీతో సరిపెట్టకండి

గౌరవనీయులైన జిల్లా విద్యాశాఖాధికారి గారికి నమస్కారం.

జూన్ 26న మా అబ్బాయి బడిలో మాదకద్రవ్య వ్యతిరేక ర్యాలీ తీశారు, ప్రతిజ్ఞ చేయించారు. మర్నాడు గోడ పక్క బడ్డీకొట్టులో ఖైనీ ప్యాకెట్ల దండలు మామూలే. విద్యాసంస్థలకు 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 నాటి చట్టం ఉంది కదండీ!

మా అబ్బాయి తరగతిలోనే ఓ పిల్లాడు మత్తు కోసం చేతిరుమాలులో వైట్‌నర్ పోసుకుని పీలుస్తూ దొరికాడు. టీసీ చేతిలో పెట్టి పంపేశారు. తొమ్మిదో తరగతి పసివాడండీ! బడి కూడా పోయాక వాడికి మిగిలేది ఆ మత్తు అలవాటు చేసిన గుంపే.

భయపెట్టే ఉపన్యాసాలతో పిల్లలు మారరు. స్నేహితుడు "ఒక్కసారే రా" అన్నప్పుడు వద్దని ఎలా చెప్పాలో తరగతిలో నాటికలా ఆడించి చూపించాలి, ఏడాది పొడవునా. దొరికిన పిల్లలకు టీసీ బదులు కౌన్సెలింగ్ ఇప్పించండి. మత్తు మాన్పించడానికి సాయపడే 14446 హెల్ప్‌లైన్ నంబరు ప్రతి బడి గోడమీదా రాయించండి.

ఇట్లు,
ఒక తల్లి