పండుకి ఏం తేవాలన్న దిగులు నీకొద్దు

చిరంజీవి కిట్టుకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. ఫోన్ చేస్తే "పనిలో ఉన్నానమ్మా, తర్వాత చేస్తా" అంటున్నావు. ఆ తర్వాత ఎప్పుడో తెలియట్లేదు. ఉత్తరమైతే తీరిక దొరికినప్పుడు చదువుకుంటావని రాస్తున్నాను.

నాన్న మోకాలి నొప్పి కాస్త నయం. పొద్దున్నే నడుస్తున్నారు, ఆ అరిగిపోయిన చెప్పులు మార్చమంటే మాత్రం మార్చరు. మేడమీద కొళాయి కారడం ఆగింది. నీ బీరువా సర్దాను. నీలం చొక్కా మోచేతి దగ్గర చిరిగింది, పారేయలేదులే, ఉంచాను. చిన్నత్త నిన్ను అడిగిందని చెప్పమంది.

అక్క మాటల మధ్యలో అంది, వాళ్లబ్బాయి పండు పుట్టినరోజుకి నీకు సెలవు దొరకదన్నావట. సరే, ఉద్యోగమన్నాక అలాంటివి ఉంటాయి. పోయినేడు ఇంతకన్నా ఒత్తిడిలో ఉండి కూడా రాత్రికి రాత్రి బయల్దేరి వచ్చావు కదా, అదొక్కటే నాకు తట్టింది. సత్తి కూడా ఏదో అన్నాడు, మీ ఆఫీసులో జీతాలు ఆలస్యం అవుతున్నాయని. వాడి మాటలు సగం విని సగం వదిలేయాలని మనకి తెలిసిందే. నేనేం అడగడం లేదు. పండు గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను, అంతే.

వాడికి ఐదు నిండుతున్నాయి. ఇంటినిండా బొమ్మలే. హాల్లో అడుగు తీసి అడుగేస్తే కాలికింద ఏదో ఒకటి గుచ్చుకుంటుంది. సోఫా కింద ఊడిపోయిన చక్రాలు, తల లేని డైనోసార్లు, ఏ ఆటవో తెలియని ముక్కలు. అక్క సర్దలేక విసిగిపోతోంది. బావ వాళ్లన్నయ్య ఈసారి పెద్ద సైకిలే తెస్తున్నాడట. తేనీ. ఎవరి స్తోమతు వాళ్లది, ఎవరి ముచ్చట వాళ్లది. దానితో పోల్చుకునే పని మనకేముంది?

మొన్న అక్కడికి వెళ్లినప్పుడు ఒకటి చూశాను. వాడి బొమ్మల పుస్తకం చిరిగితే అతికిద్దామని కాగితం టేపు తీసుకెళ్లాను. అదే, పెయింటర్లు గోడ అంచులకి అంటిస్తారే, చేత్తో చింపితే తెగేది. పుస్తకం అతికించడం అయ్యాక పండు ఆ చుట్ట పట్టుకుపోయాడు. నేలమీద పొడుగ్గా అంటించి రోడ్డన్నాడు. సోఫా కాలి దగ్గర మలుపు తిప్పబోతే టేపు ముడతపడి లేచిపోతోంది. కాసేపు చూశాడు. నాలుక బయటపెట్టి, చిన్నచిన్న ముక్కలు చింపి, ఒకదాని పక్కన ఒకటి కాస్త వాలుగా అంటించుకుంటూ మలుపు తిప్పేశాడు. ఎవరూ చెప్పలేదు వాడికి. తర్వాత చెల్లెలు చిట్టి నెత్తిమీద ఒక ముక్క అంటించి టికెట్టు అన్నాడు. అది టికెట్టు పీకి నోట్లో పెట్టుకోబోతే నేను లాగేశాను. చీకటిపడేదాకా అదే ఆట. పోయినేడు నువ్వు తెచ్చిన రిమోట్ కారుని కూడా ఆ రోడ్డుమీదకి చేత్తో తోసుకొచ్చాడు. రిమోట్ ఎక్కడుందో వాడికీ తెలియదు.

ఇన్నేళ్లు చిన్నపిల్లల క్లాసు చెప్పినదాన్ని, నాకిది కొత్త కాదు. ఎదురుగా కుప్ప పోస్తే పిల్లలు దేనితోనూ నిలిచి ఆడరు. ఇది తీస్తారు, అది పడేస్తారు. అమెరికాలో టొలెడో విశ్వవిద్యాలయం వాళ్లు దీన్ని పరీక్షించి 2018లో ప్రచురించారు. ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల లోపు పిల్లలు 36 మందిని తీసుకుని, ఒకసారి నాలుగు బొమ్మలే ఉన్న గదిలో, ఒకసారి పదహారు ఉన్న గదిలో ఆడించారట. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. ఆ సంగతి చెప్పి, సగం బొమ్మలు అటక మీద పెట్టి నెలకోసారి మార్చమని అక్కకి చెప్పాను. పెడితే పాతవే కొత్తగా కనిపిస్తాయి. చూద్దాం.

కాబట్టి, ఒకవేళ నీకు సెలవు దొరికితే, వాడికి ఇంకో బొమ్మ కొనే ఆలోచన మానెయ్యి. అయిపోయే వస్తువు తీసుకురా. కాగితం టేపు రెండు మూడు రంగుల్లో, లావు క్రేయాన్లు, తెల్ల కాగితాల కట్ట, సుద్దముక్కలు, ఆడుకునే మట్టి. ఇవి వాడేకొద్దీ అయిపోతాయి, ఇంట్లో చోటు తినవు, అక్క దణ్ణం పెడుతుంది. పదిరకాలు కలిపిన పెద్ద డబ్బా కొనకు, అందులో సగం పనికిరానివే ఉంటాయి. ఒకే రకం ఎక్కువగా ఉంటే పిల్లలు చెయ్యి దాచుకోకుండా వాడతారు.

లేదంటే మనం వాడే వస్తువులిచ్చినా చాలు. బట్టలు కుట్టేవాళ్ల గుడ్డ టేపు ఒకటి చేతిలో పెట్టి చూడు, మంచం ఎంత, తలుపు ఎంత, తాతయ్య ముక్కు ఎంత అని ఇల్లంతా కొలుస్తాడు. ఇనుప టేపు వద్దు, సర్రున వెనక్కి వెళ్లి వేలు కోసేస్తుంది. గుడ్డదైనా సరే ఆట అయ్యాక పైన పెట్టాలి, చిట్టి మెడకి చుట్టుకుంటుంది. భూతద్దం కూడా వాడికి బాగుంటుంది. ప్లాస్టిక్‌ది తీసుకో, ఎండ తగిలే కిటికీలో మాత్రం వదలకూడదు, వెలుగంతా ఒకచోట చేరి కింద ఉన్నది కాలుతుంది. మొక్కలకి నీళ్లు పోసే చిన్న డబ్బా, నాలుగు గింజలు ఇచ్చినా రోజూ లేచి చూసుకునే పని ఒకటి దొరుకుతుంది వాడికి. వాడి దగ్గర ఇప్పటికే చెక్క దిమ్మలున్నాయి కదా, ఆ కొలతకి సరిపోయేవే మరికొన్ని తెచ్చినా మంచిదే, పాత ఆటే పెద్దదవుతుంది. ఏం చేసినా ముందు అక్కనొకసారి అడుగు. ఇంట్లో ఏది అయిపోయిందో, దేనికోసం వాడు పేచీ పెడుతున్నాడో దానికి తెలుస్తుంది. అడగడంలో నామోషీ ఏం లేదు.

చిట్టికి కూడా ఏదో ఒకటి ఉండాలి సుమా. పుట్టినరోజు వాళ్లన్నయ్యదే అయినా దాని చేతులు ఖాళీగా ఉంటే ఆ రోజంతా ఏడుపే. కానీ దాని విషయంలో జాగ్రత్త. ఇంకా మూడు నిండలేదు, దొరికిందల్లా నోట్లోకే. టిష్యూ రోల్ అయిపోయాక మిగిలే అట్టగొట్టం ఉంటుంది చూడు, అందులోంచి జారిపోయే వస్తువేదీ దాని దగ్గర ఉండకూడదు. మ్యూజిక్ బొమ్మల్లో, మెరిసే బొమ్మల్లో గుండీలాంటి బ్యాటరీలుంటాయి. వాటి మూతకి స్క్రూ లేకపోతే ఆ వస్తువు ఇంటికే తేవద్దు. అది మింగితే రెండు గంటల్లోనే లోపల కాలిపోతుంది, అప్పుడు నిమిషం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. చిన్న అయస్కాంతాలూ అంతే. రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుని, మధ్యలో పేగు చిక్కుకుని చిల్లు పడుతుంది. బెలూన్లు కడితే పేలిన ముక్కలు వెంటనే ఏరెయ్యాలి, గొంతుకి అడ్డం పడితే ఊపిరాడదు. ఇవన్నీ నీకు తెలిసినవే అంటావు. తెలిసినా మళ్లీ చదువు. చవకగా దొరికిందని పేరూ ఊరూ లేని సామాను కొనేస్తాం, అందులోనే ఇవి ఎక్కువ. దానికి అట్టపేజీల పుస్తకం ఒకటి చాలు. ఎవరో వాడి ఇచ్చినదైనా ఫర్వాలేదు, తుడిచి తీసుకురా.

శేషు మామయ్య గురించి నీకెప్పుడైనా చెప్పానో లేదో. నువ్వు పండు అంతవాడివి. వాడు పనిచేసే చోటు మూతపడింది. అంతకుముందు నెల తిరక్కుండా వచ్చేవాడు, ఆ తర్వాత రావడం మానేశాడు. ఎప్పుడు పిలిచినా ఏదో ఒక అడ్డు. ఒకసారి జ్వరం, ఒకసారి బండి దొరకలేదు, ఒకసారి సెలవు లేదు. ఉద్యోగమే లేనివాడికి సెలవేమిటే అని అమ్మమ్మ నన్ను అడిగేది. వట్టి చేతులతో పిల్లవాడి ముందుకి ఎలా రావడమని వాడి బాధ. మనతో అనలేదు, లోపలే పెట్టుకున్నాడు. అమ్మమ్మ ఊరుకోలేదు, నాన్నని పంపి రప్పించింది. వాడు గుమ్మంలో నిలబడితే నువ్వు నా వెనక నక్కి "ఎవరమ్మా?" అన్నావు. నువ్వు పుట్టగానే అందరికన్నా ముందు ఎత్తుకున్నది వాడే. చెప్పులు విప్పుతున్నవాడల్లా ఆగిపోయాడు. ఏమీ అనలేదు. ఆ చెప్పులు విప్పడానికే చాలాసేపు పట్టింది వాడికి.

సాయంత్రం కరెంటు పోయింది. చీకటంటే నీకు హడలు, నా కొంగు వదల్లేదు. వాడు సంచిలోంచి టార్చి తీశాడు. నీ చేతికివ్వలేదు. పెట్టెమీద నిలబెట్టి గోడమీద వెలుగు పడేలా చేసి, రెండు చేతులూ కలిపి కుక్క తల చేశాడు. చెవి ఆడించాడు. నువ్వు కొంగు వదిలావు. కాసేపటికి కుక్కకి తోక కావాలన్నావు. నా చేతులు తలకే సరిపోయాయి, తోకకి నీ చెయ్యి పెట్టు అన్నాడు. నీ చెయ్యి టార్చికి మరీ దగ్గరగా పెట్టావేమో, తోక కుక్కకన్నా పెద్దదైపోయింది. ఎందుకంత పెద్దదైందని నువ్వు, చెయ్యి గోడవైపు జరిపి చూడమని వాడు. జరిపితే చిన్నదైంది. మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకి. నాన్న కూడా వచ్చి కూర్చుని చెయ్యి పెట్టారు. అక్క ఏనుగన్నది, ఎవరికీ ఏనుగులా కనిపించలేదు. కరెంటు వచ్చాక లైట్లన్నీ ఆర్పెయ్యమని నీ గోల. ఆ రాత్రి నువ్వు వాడి పక్కనే పడుకున్నావు. పొద్దున వెళ్తూ టార్చి నీ తలగడ దగ్గర పెట్టి వెళ్లాడు. ఆ తర్వాత మళ్లీ నెలనెలా వచ్చాడు. పని దొరికాక ఏవేవో కొనితెచ్చాడు కూడా. అవన్నీ ఏమయ్యాయో నాకు గుర్తులేదు. వాడు లోపలికి రాగానే నువ్వు వెళ్లి కిటికీ తలుపులు మూసేసేవాడివి, అది మాత్రం గుర్తుంది.

పిల్లల డాక్టర్లు కూడా ఇదే చెబుతున్నారు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2018లో బొమ్మల గురించి ఒక నివేదిక రాసింది. ఖరీదైనవి, కరెంటుతో మోగేవి అక్కర్లేదు, పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి కూర్చునేలా చేసే మామూలు బొమ్మలే మేలని దాని సారాంశం. పండుకి లేనిది బొమ్మ కాదు కిట్టూ. బావ ఇంటికొచ్చేసరికి వాడు నిద్రపోతుంటాడు. అక్కకి చిట్టితోనే సరిపోతుంది. పక్కన కూర్చుని ఆ రోడ్డుకి వంతెన ఎలా కట్టాలో ఆలోచించే మనిషి కావాలి వాడికి. మావయ్య ఎప్పుడొస్తాడని నన్నడిగాడు. ఏం తెస్తాడని అడగలేదు.

నిజంగానే సెలవు లేకపోతే వేరే మాట. అప్పుడు వాడి పేరుమీద ఒక ఉత్తరం రాయి. కవరుమీద వాడి పేరు పెద్ద అక్షరాలతో. లోపల మాటలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. నీకు బొమ్మలు వెయ్యడం రాదని నాకు తెలుసు, వాడికి తెలియదు. ఫలానా ఆదివారం మనిద్దరమే రోజంతా తిరుగుతాం అని ఒక చీటీ రాసి అందులో పెట్టొచ్చు. కానీ తేదీ వేస్తే ఆ రోజు రావాలి. రాలేనిది రాయకు. పిల్లలు తేదీలు మర్చిపోరు, క్యాలెండరు దగ్గర కుర్చీ వేసుకుని చూస్తారు. ఇష్టమైన కథొకటి నీ గొంతుతో రికార్డు చేసి పంపినా రాత్రిపూట పెట్టుకుని వింటాడు. మధ్యలో వాడి పేరు పిలువు.

అప్పు చేసి మాత్రం ఏమీ కొనకు. క్రెడిట్ కార్డు మీద, నెలవారీ వాయిదాల మీద అసలే వద్దు. వాడు ఆడి పక్కన పడేశాక కూడా నువ్వు కడుతూనే ఉండాలి. ఇది నిన్ను అనడం కాదు, లోకరీతి చెబుతున్నాను. జీతం సంగతి నాన్నకి చెప్పనులే, నాకు ఒక్క ముక్క రాయి. ఆలస్యమైతే ఆలస్యమైందని రాయి. అద్దె కట్టావా? బూట్లు మార్చుకున్నావా, ఆ కుడికాలి బూటు అడుగు ఊడింది కదా? రాత్రుళ్లు మేలుకుని కంప్యూటర్ ముందు కూర్చోకు, కళ్లకింద నలుపు ఫోటోలో కూడా కనిపిస్తోంది. వేళకి తిను.

రానూపోనూ టికెట్టు నేను తీయిస్తాను. ఏ రోజు వీలవుతుందో చెప్పు. పండు పుట్టినరోజు నాటికే కానక్కర్లేదు, ఆ మర్నాడు వచ్చినా చాలు, చుట్టాలందరూ వెళ్లిపోయి ఉంటారు, వాడు నీకు పూర్తిగా దొరుకుతాడు. టేపు నేనే కొని ఉంచుతాను, నువ్వు దానికోసం తిరగకు. ఆదివారం పొద్దున ఫోన్ చేస్తాను. ఎత్తు.

ఇట్లు,
అమ్మ