గండికోట లోయలో తలగుడ్డ చింపి కట్టిన పెద్దాయనకు

రెండు రాత్రుల నిద్ర లేదు, తప్పులుంటే మన్నించండి. మా అక్క కూతురి కాలు విరిగింది నిజమే. గుంటూరు తీసుకొచ్చేశాం. సిమెంటు కట్టు వేశారు, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ఫోన్లు చేస్తున్నవాళ్ళందరికీ ఇదే జవాబు. ఈ పోస్టు మాత్రం మేకలు కాసుకునే ఒక పెద్దాయన కోసం.

గండికోట దగ్గర పెన్న ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోతుంది. అంచు మీంచి అడుగుకు సుమారు 300 అడుగులు. పైన నిలబడి చూసి వచ్చేవాళ్ళకు ఆ లోతు అర్థం కాదు. కిందికి దిగాలంటే మెట్లుండవు, బండల మీద బండలే. అక్కడిది క్వార్ట్‌జైట్, అంటే గట్టిపడిపోయిన ఇసుకరాయి. అడ్డంగా పొరలు, నిలువుగా పగుళ్ళు. అందుకే దిమ్మలు దిమ్మలుగా విడిపోయి కిందికి దొర్లుతుంది. మంచమంత బండ కూడా ఒక మూల కాలేస్తే ఊగుతుంది. పొడి బూటుకు ఆ రాయి బాగా పట్టునిస్తుంది, తడి బూటును నిలవనివ్వదు. మా పిల్ల నీళ్ళలో దిగి, బూటు అడుగు తుడుచుకోకుండానే రెండడుగుల ఎడం దాటబోయింది. పాదం లోపలికి మడతపడింది. చీలమండ బయటివైపు ఎముక విరిగింది.

మావాళ్ళు బూటు లాగేసి నొప్పి మందు రాయబోతుంటే పైనుంచి ఆ పెద్దాయన కేక వినిపించింది. "పిసకొద్దు నాయనా, బూటు తీయొద్దు!" అరవై దాటి ఉంటాయి. మేకల్ని వదిలేసి దిగొచ్చాడు. బూటు తాళ్ళు మాత్రం వదులు చేశాడు. వాపుకు చోటుండాలి, బూటు చట్రంలా కాలిని పట్టి ఉంచాలి. చేతికర్రను రాయి మీద పెట్టి రెండు ముక్కలు చేశాడు. మోకాలి కింద నుంచి మడమ దాటేదాకా కాలికి అటొకటి ఇటొకటి ఆనించి, ఎముకకు ఒత్తుకోకుండా మా తువ్వాళ్ళు మధ్యలో పెట్టాడు. కట్టడానికి మా దగ్గర ఏమీ లేదు. తలగుడ్డ విప్పి, పళ్ళతో పట్టి చింపాడు. మోకాలి కింద ఒక ముడి, పిక్క కింద ఒకటి, పాదం చుట్టూ ఒకటి. విరిగినచోట ముడి వెయ్యలేదు. వేసిన ప్రతిసారీ "బొటనేలు కదుపు తల్లీ, తిమ్మిరి ఉందా?" అని అడిగాడు. తిమ్మిరి వస్తే కట్టు బిగుసుకున్నట్టు.

ఆ బండల్లో దుప్పటి డోలీ పనికిరాదు, ముందువాడికీ వెనకవాడికీ అడుగు కలవదు. దుప్పటిని పిల్ల తొడల కింద నుంచి తెచ్చి మోసేవాడి భుజాలకు కట్టించాడు. అప్పుడు మోసేవాడి చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి, బండ పట్టుకోవచ్చు. వెనక ఒకరు నడుం ఆన్చాలి. ఇరవై అడుగులకు ఒకసారి మనిషి మారాలి. మేం దిగిన దారిన కాకుండా మేకలు తిరిగే వాలు మీదుగా నడిపించాడు. దూరం ఎక్కువే, కానీ ఎక్కడా ఎగిరి దాటాల్సిన పని లేదు. పైకి చేరేసరికి మూడు గంటలు పట్టింది.

ఆగిన ప్రతిచోటా ఆయన కూర్చోలేదు. తన నీడ పిల్ల ముఖం మీద పడేలా నిలబడ్డాడు, బోడితలతో, మిట్టమధ్యాహ్నం. అది చూసి నాకు ఏడుపు ఆగలేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా.

పైకొచ్చాక డబ్బులివ్వబోతే "లెక్క నీ జేబులో పెట్టుకో అబ్బా, మేకలు యాడికి పోయినాయో చూసుకోవాల" అని వెనక్కి దిగిపోయాడు. ఆ గుడ్డ పేలికల్ని ఆసుపత్రిలో కత్తిరించి చెత్తబుట్టలో వేశారు. ఏరుకోవాలని కూడా తోచలేదు నాకు.

అక్క, బావ వార్త తెలియగానే కారేసుకుని వచ్చేశారు.

ఒక మాట మాత్రం అనకుండా ఉండలేను. మేం వెళ్ళినప్పుడు దిగే చోట ఒక బోర్డు లేదు, అంచున కమ్మీ లేదు, మోసుకురావడానికి ఒక స్ట్రెచర్ లేదు. లోపల ఫోన్ సిగ్నల్ ఉండదన్న హెచ్చరికైనా లేదు. మొదట వెళ్ళిన ఆసుపత్రిలో ఎక్స్‌రే మిషన్ ఉంది, తీసే మనిషి లేడు. ఆ ముక్క చెప్పడానికి ముప్పావుగంట కూర్చోబెట్టారు. ఒక ముసలాయన పది నిమిషాల్లో చేసిన పని ఇంతమంది జీతగాళ్ళకు ఎందుకు చేతకాదు?

విజయవాడ, గుంటూరు నుంచి వినుకొండ, గిద్దలూరు మీదుగా వెళ్ళేవాళ్ళు చాలామంది ఉన్నారు. లోయలోకి దిగేట్టయితే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపే వెళ్ళండి. తెల్లారగానే దిగి పదింటికల్లా తిరుగుముఖం పట్టండి, ఆ తర్వాత బండలు కాలతాయి. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, ఒక విజిల్, రెండు వెడల్పాటి గుడ్డలు తీసుకెళ్ళండి. ఫోన్‌తో ఒకరు పైనే ఉండాలి. ఎగువన రిజర్వాయరు నుంచి నీళ్ళు వదులుతున్నారేమో ఊళ్ళో అడగండి. వదిలితే దిగొద్దు.

అయ్యో, మోతలో భుజం మార్చిన ఇద్దరు ప్రొద్దుటూరు కుర్రాళ్ళను మర్చిపోయాను. పేర్లు కూడా అడగలేదు తమ్ముళ్ళూ, క్షమించండి. 108 డ్రైవరు గారికీ, బండిలో ఉన్న సిస్టర్‌కూ దండాలు. అర్ధరాత్రి డాక్టరు గారిని లేపిన విజయవాడ మిత్రుడికీ.

ఇంకొకరు. కోటలో సోడా బండి ఆమె ఐసంతా గుడ్డలో మూటకట్టి ఇచ్చింది. హడావిడిలో ఆమెకు డబ్బులివ్వలేదు. ఈ వారం ఎవరైనా వెళ్తుంటే చెప్పండి, ఆ డబ్బులూ, పెద్దాయనకు ఒక తలగుడ్డా పంపిస్తాను.